అమరావతి పద్మాన్ని చాక్‌తో గీయడం: రాయి ఎంచుకోవడం నుంచి ఫ్రేమ్ కట్టించేదాకా

పాత శిల్పాల్ని గీయాలనుకునేవాళ్లు చాలామంది నేరుగా బుద్ధుడి ముఖంతోనో, నాట్యం చేసే స్త్రీతోనో మొదలుపెడతారు. నా మాట వింటే అలంకారంతో మొదలుపెట్టండి. పద్మం, పూలదండ, పూర్ణఘటం, లతల పట్టీ లాంటివి. ముఖం గీసేటప్పుడు కన్ను కాస్త పక్కకు జరిగితే చూసేవాళ్లకు ముందు అదే కనిపిస్తుంది, దాంతో మీ దృష్టంతా పోలిక మీదే ఉండిపోతుంది. పద్మం అలా కాదు. ఒక రేకు సరిగ్గా రాకపోతే పక్క రేకు దగ్గర మళ్లీ ప్రయత్నించొచ్చు, పోలిక టెన్షన్ లేకుండా వెలుగు రాయి మీద ఎలా పడుతోందో, ఎక్కడ ఆగుతోందో నింపాదిగా చూడొచ్చు. చాక్‌తో శిల్పాన్ని గీయడంలో అసలు పని ఆ చూడటమే.

అందుకే ఈ మార్గదర్శికి అమరావతి మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, చుట్టూ ఉండిన రాతి కంచె మీది పద్మ ఫలకాన్ని తీసుకుంటున్నాను. ఆ కంచెలో నిలువు స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా దూర్చిన సూచులు, పైన కప్పినట్టుండే ఉష్ణీషం ఉంటాయి. సూచి మధ్యలో నిండు పద్మం ఉంటుంది. స్తంభాల మీద నడుమ నిండు పద్మం, పైనా కిందా సగం పద్మాలు కనిపిస్తాయి. రాయి పల్నాటి సున్నపురాయి, తెలుపులో కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. శాతవాహనుల కాలంలో చెక్కిన ఈ రాళ్లు ఇప్పుడు ప్రధానంగా మూడు చోట్ల ఉన్నాయి: అమరావతిలోని పురావస్తు మ్యూజియం, చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియం, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం. విదేశాల్లో ఉండే మనవాళ్లలో లండన్ దగ్గరున్నవాళ్లకు ఇది మంచి అవకాశం. అమరావతి, ఎగ్మోర్ మ్యూజియంలకు శుక్రవారం సెలవు, అది చూసుకుని బయల్దేరండి.

ఈ రాళ్లను గీయడం మనతో మొదలైంది కాదు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1816లో తన చిత్రకారుల్ని వెంటబెట్టుకుని అమరావతికి మళ్లీ వచ్చి, అక్కడ కనిపించిన శిల్పాల్ని ఒక్కొక్కటిగా గీయించాడు. అప్పటికే ఊళ్లో కట్టడాలకని రాళ్లు తీసుకుపోతున్నారు, సున్నం కోసం కాల్చేస్తున్నారు కూడా. ఆ చిత్రాల్లో ఉన్న శిల్పాలు కొన్ని తర్వాత కనబడకుండా పోయాయి, ఇవాళ వాటి గురించి మనకు తెలిసింది ఆ బొమ్మల వల్లే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ చేతిలో ఉన్నది చాక్ అయినా, పెన్సిల్ అయినా, ఉన్నది ఉన్నట్టు గీస్తే అది రాయికి సాక్ష్యమవుతుంది. లేనిది కలిపితే కాదు. ఈ ఒక్క సంగతీ కింద ప్రతి మెట్టులోనూ మళ్లీ మళ్లీ వస్తుంది.

ముందు సామాన్లు

బడిలో బోర్డు మీద రాసే సుద్దముక్కలు దీనికి పనికిరావు. కాగితాన్ని పట్టుకోవు, ఊదితే లేచిపోతాయి. మీకు కావలసినవి మూడు రంగులు: జేగురు, నలుపు, తెలుపు. జేగురు రంగు చాక్‌ని షాపుల్లో సాంగ్విన్ అని అడగాలి. పూర్వం యూరప్‌లో దీన్ని ఇనుప ఖనిజం కలిసిన ఎర్రమట్టి గడ్డ నుంచి నేరుగా కోసి వాడేవాళ్లు. లియొనార్డో డావిన్చీ కాలం నుంచీ ఉన్నదే ఇది. 18వ శతాబ్దంలో రోమ్‌కి వెళ్లిన ఫ్రెంచ్ చిత్రకారులు, ముఖ్యంగా హ్యూబర్ట్ రాబర్ట్, అక్కడి పాత గోడల్నీ చెక్కడాల్నీ ఈ ఎర్రచాక్‌తోనే గీశారు. ఇప్పుడు దొరికేవి రంగుపొడి, మట్టి, జిగురు కలిపి చేసినవి. కాంటే కంపెనీ నలుచదరపు కడ్డీలు, ఫేబర్ కాసిల్ పిట్ పాస్టెల్ పెన్సిళ్లు, క్రెటాకలర్ పెన్సిళ్లు, వీటిలో ఏదైనా సరే. మొదటిసారి గీసేవాళ్లు పెన్సిల్ రూపంలో ఉన్నవే కొనండి, మొన చెక్కుకోవడం తేలిక. కడ్డీ ఒకటి మాత్రం పక్కన ఉంచుకోండి, వెడల్పుగా ఛాయ వేయడానికి దాని పక్కభాగం చాలా బాగుంటుంది.

కాగితం తెల్లది వద్దు. లేత గోధుమ రంగుదో, లేత బూడిద రంగుదో తీసుకోండి. కాన్సన్ మి-తాంత్ అయితే దానికి రెండు వైపులా గరుకు వేరువేరుగా ఉంటుంది, ఒక వైపు తేనెపట్టు గళ్లలా కనిపిస్తుంది. చిన్న రేకుల పనికి ఆ గళ్లు అడ్డం, కాబట్టి రెండోవైపు వాడండి. ఎ3 సైజు చాలు. మరీ చిన్న కాగితం మీద చాక్ మొన రేకు కన్నా లావుగా అనిపిస్తుంది.

ఇంకా పిండిముద్దలా నలిగే రబ్బరు, అంటే నీడబుల్ ఎరేజర్, సన్నటి ఇసుక కాగితం, పదునైన బ్లేడు, మాస్కింగ్ టేపు, డ్రాయింగ్ బోర్డు, ఒక విల్లో చార్కోల్ పుల్ల, అంటే విల్లో చెట్టు పుల్లను కాల్చి చేసిన బొగ్గు. చేతికింద పెట్టుకోవడానికి బటర్ పేపర్ తప్పనిసరి. చేతి జిడ్డు కాగితానికి అంటితే ఆ చోట చాక్ ఇక సరిగ్గా పట్టదు, ఏం చేసినా మచ్చలాగే ఉంటుంది.

పెన్సిల్ చెక్కే మరలు వాడకండి, లోపలి కడ్డీ విరిగిపోతుంది. బ్లేడుతో చెక్క తీసేసి, మొనను ఇసుక కాగితం మీద తిప్పుతూ అరగదీయండి.

మ్యూజియంలోనా, ఇంట్లోనా?

రెండూ కావాలి. చాలా మ్యూజియంలలో పొడి రాలే చాక్‌లకు అభ్యంతరం చెప్పొచ్చు, మామూలు పెన్సిల్‌కి ఒప్పుకోవచ్చు, అందుకని ముందే కౌంటర్ దగ్గర అడగండి. ఫొటో సంగతీ అప్పుడే అడిగేయండి. ఒప్పుకోకపోతే అక్కడ పెన్సిల్‌తో చిన్న చిన్న అధ్యయనాలు చేసుకుని, అనుమతి ఉన్నంతవరకు ఫొటోలు తీసుకుని, ఇంటికొచ్చి చాక్‌తో పెద్దది వేయండి. ఫ్లాష్ మాత్రం వద్దు. మ్యూజియం వాళ్లు ఒప్పుకోరు సరే, ఒప్పుకున్నా అది మీకు పనికిరాదు, ఎదురుగా కొట్టే వెలుగు లోతునంతా చంపేసి రాయిని అట్టముక్కలా చూపిస్తుంది.

రాయి దగ్గర నిలబడలేని వాళ్లకు బ్రిటిష్ మ్యూజియం తన అమరావతి రాళ్ల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టింది. ఏ ఫొటో ఎంచుకున్నా ఒక్కటి చూడండి, వెలుగు పైనుంచి, ఒక పక్కగా రావాలి. కింది నుంచి వెలుగు పడిన ఉబ్బెత్తు శిల్పం ఫొటోలో తిరగబడినట్టు కనిపిస్తుంది, ఉబ్బులు గుంటల్లా, గుంటలు ఉబ్బుల్లా. అలాంటి ఫొటో నుంచి గీస్తే మీ బొమ్మ చూసినవాళ్లకూ అదే అయోమయం.

ఇంకో దారి కూడా ఉంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోసిన పూల అలంకారాలు ఇంటీరియర్ సామాన్లు అమ్మే షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతాయి. ఒకటి తెచ్చి గోడకు ఆనించి, టేబుల్ ల్యాంప్‌ని ఎడమవైపు పైన పెట్టి సాధన చేయండి. ల్యాంప్‌ని కొంచెం కొంచెంగా పక్కకు జరుపుతూ నీడలు ఎలా పొడుగవుతాయో చూడటం ఒక్కటే చాలా నేర్పుతుంది.

మొదటి మెట్టు: గీయకుండా చూడటం

పది పదిహేను నిమిషాలు చాక్ ముట్టుకోకండి. వెలుగు ఎటు నుంచి వస్తోంది? ఫలకం చదునుగా ఉందా, నడుమ ఉబ్బిందా? అమరావతి సూచులు పక్కనుంచి చూస్తే కటకంలా (లెన్స్‌లా) మధ్యలో లావుగా, అంచుల్లో పల్చగా ఉంటాయి, కాబట్టి పద్మం కూడా కొంచెం ఉబ్బి ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే ఇది తట్టదు. పక్కకు నడిచి చూడండి. ఎక్కడ పగిలింది, ఎక్కడ అరిగింది? రేకుల వరసలెన్ని? ఒక్కో వరసలో ఎన్ని? లెక్కపెట్టండి, ఊహించకండి. ఒక రాతి మీద ఉన్న లెక్క పక్క రాతి మీద ఉంటుందన్న నమ్మకం లేదు.

తర్వాత అగ్గిపెట్టంత చిన్న బొమ్మ ఒకటి వేయండి, అందులో మూడే ఛాయలు: నీడ, మధ్యరకం, వెలుగు. రేకులు వద్దు. ఈ చిన్న బొమ్మ పెద్ద బొమ్మకు పటంలాంటిది, మూడో గంటలో మీరు చిన్న రేకుల మధ్య దారి తప్పినప్పుడు దీన్నే చూసుకోవాలి.

రెండో మెట్టు: కట్టడం

మామూలు గ్రాఫైట్ పెన్సిల్‌తో గీతలు గీసి దానిమీద చాక్ వేయకండి. గ్రాఫైట్ నునుపు, చాక్ దానిమీద జారిపోతుంది, పైగా జేగురు రంగులోంచి బూడిద రంగు మెరుస్తూ కనబడుతుంది. విల్లో చార్కోల్‌తో తేలిగ్గా గీయండి, తప్పనిపిస్తే గుడ్డతో తట్టితే పోతుంది.

ముందు మొత్తం ఫలకం హద్దు. వృత్తమే కదా అని కంపాస్ తీయకండి. మీ కన్ను సరిగ్గా కేంద్రానికి ఎదురుగా లేకపోతే అది అండాకారంగా కనిపిస్తుంది, పైగా చేత్తో చెక్కిన రాయి, కాలం అరగదీసిన రాయి. పెన్సిల్ చాచిపట్టి వెడల్పునీ ఎత్తునీ పోల్చుకోండి. నడుమ బొడ్డు ఎక్కడుందో గుర్తుపెట్టండి. కేంద్రం గుండా నిలువు, అడ్డం, రెండు ఏటవాలు గీతలు తేలిగ్గా లాగితే ఎనిమిది భాగాలొస్తాయి. ఇప్పుడు ఒక్కో భాగంలో ఎన్ని రేకులు పడుతున్నాయో రాయి చూసి వేసుకోండి. బయటి వరస రేకులు సాధారణంగా లోపలి వరస రేకుల సందుల్లోంచి తొంగిచూస్తాయి. ఈ సర్దుబాటు పట్టుకుంటే పద్మం నిలబడుతుంది, పట్టుకోకపోతే ఎంత నీడ వేసినా చక్రంలాగే ఉంటుంది.

ఇక్కడొక ప్రలోభం ఉంటుంది. రేకులన్నీ సమానంగా, ముద్ర కొట్టినట్టు గీసేయాలనిపిస్తుంది. శిల్పి అలా చెక్కలేదు. ఒక రేకు కాస్త లావు, ఒకటి పక్కదానికి చోటిచ్చి సన్నబడింది. ఎక్కడో చివర్లో చోటు చాలక ఇరికించినట్టున్న రేకు కూడా దొరకొచ్చు. ఆ తేడాలు అలాగే గీయండి. రెండు వేల ఏళ్ల కిందటి మనిషి చెయ్యి మనకు కనిపించేది సరిగ్గా అక్కడే.

కుదిరాక సన్నగా చెక్కిన జేగురు పెన్సిల్‌తో అవసరమైన గీతల్ని తేలిగ్గా మళ్లీ గీసి, చార్కోల్‌ని రబ్బరు ముద్దతో అద్ది తీసేయండి. రుద్దకండి, అద్దండి.

మూడో మెట్టు: మొత్తానికి ఒక ఛాయ, తర్వాతే రేకులు

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. చాలామంది ఒక రేకు మొదలుపెట్టి పూర్తిచేసి పక్క రేకుకు వెళ్తారు, చివరికి ప్రతి రేకూ విడిగా బాగుంటుంది, పద్మం మాత్రం ముక్కలుముక్కలుగా ఉంటుంది.

అలా కాకుండా, ముందు రేకులన్నవే లేవనుకోండి. మీ ముందున్నది కొంచెం ఉబ్బిన రాతి బిళ్ల. వెలుగు ఎడమ పైనుంచి వస్తే కుడి కింది అంచు వైపు అది నెమ్మదిగా చీకటవుతుంది. చాక్ కడ్డీని పక్కకు పడుకోబెట్టి, ఒత్తిడి పెట్టకుండా, ఆ చీకటిని మొత్తం బిళ్ల మీదుగా పొరలా వేయండి. ఎడమ పైభాగంలో కాగితం రంగు అలాగే వదిలేయండి. ఇక ఇప్పుడు వేసే ప్రతి రేకూ ఈ పొర లోపలే ఉండాలి. అంటే కుడి కింద ఉన్న రేకు మీది వెలుగు ఎంత వెలిగినా ఎడమ పైన ఉన్న రేకు వెలుగుకు సమానం కాకూడదు.

రేకుల్లోకి వెళ్లాక ప్రతిదానికీ ఒక ప్రశ్న వేసుకోండి: దీని నడుమ గుంట ఉందా, ఉబ్బు ఉందా? ఉబ్బు ఉంటే నీడ వెలుగుకు దూరంగా ఉన్న వైపు పడుతుంది. గుంట ఉంటే తారుమారు, వెలుగు వచ్చే వైపు గోడే నీడలో ఉంటుంది, దూరపు గోడ వెలుగుతుంది. గుండ్రంగా తిరిగే పద్మంలో ఇది ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. పైనున్న రేకుకూ కిందున్న రేకుకూ నీడ రేకు పొడవునా వేరువేరు చోట్ల పడుతుంది, ఒక రేకును చూసి మిగతావి అలవాటుగా వేసుకుంటూ పోవడానికి వీల్లేదు. చుట్టూ తిరుగుతూ ఒక్కోదాన్నీ మళ్లీ చూడాల్సిందే.

నీడల్లో రెండు రకాలు. రాయి వెలుగు నుంచి వంపు తిరిగినందువల్ల వచ్చేది ఒకటి, దాని అంచు మెత్తగా కరిగిపోతుంది. ఒక రేకు పక్క రేకు మీద వేసే నీడ రెండోది, దాని అంచు గట్టిగా, తెగినట్టు ఉంటుంది. రేకు పక్కనే మొదలయ్యే చోట ఇంకా గట్టిగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ కాస్త మెత్తబడుతుంది. ఈ రెండిటికీ ఒకే రకం అంచు ఇచ్చారంటే రాయి రబ్బరులా కనిపిస్తుంది.

గీతలు ఎటు లాగాలి? రేకుల వెనకున్న చదును రాతికి ఒకే దిశలో, ఏటవాలుగా. రేకులకు వాటి వంపు వెంట. వేలితో పులమడం మానుకోండి, స్టంప్ (ఛాయ పులమడానికి వాడే, కాగితం బిగువుగా చుట్టిన పుల్ల) కూడా లోతైన నీడల్లో మాత్రమే వాడండి. గీతల మధ్య కాగితం కనబడుతుంటేనే రాతి గరుకు తెలుస్తుంది, అంతా పులిమేస్తే మైనం బొమ్మలా నున్నగా అయిపోతుంది.

నాలుగో మెట్టు: నలుపు

జేగురు ఎంత ఒత్తినా ఒక హద్దు దాటి ముదరదు. ఒత్తుతూ పోతే కాగితం గరుకులోని సందులు నిండిపోయి మెరుపొస్తుంది, ఆ తర్వాత ఏమీ ఎక్కదు. అందుకే లోతైన సందులకు నలుపు. రేకుల కిందికి ఉలి లోపలికి తొలిచిన చోట్లు, బొడ్డు చుట్టూ ఉన్న గాడి, పగుళ్ల లోపలి భాగం, అంతే. ముందు అక్కడ జేగురు వేసి దానిపైన నలుపు వేస్తే వెచ్చగా ఉంటుంది, నేరుగా నలుపు వేస్తే కాగితానికి చిల్లు పడ్డట్టు కనిపిస్తుంది. నలుపుతో అంచులు చుట్టకండి. రాతికి చుట్టూ గీత ఉండదు.

పగిలిన చోట్లు

ఈ విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. సగం రేకులు పోయిన పద్మాన్ని చూసి, మిగతా సగం ఎలా ఉండేదో తెలుసు కదా అని పూర్తిచేసేయకండి. హ్యూబర్ట్ రాబర్ట్ వేర్వేరు చోట్ల చూసిన కట్టడాల్ని ఒకే బొమ్మలో కలిపి కొత్త శిథిలాల్ని ఊహించి వేసేవాడు, అవి అందమైన బొమ్మలే, ఆయన చేస్తున్నది ఊహాచిత్రమని ఆయనకు తెలుసు. మీరు ఒక రాతి ముందు కూర్చుని ఈ రాయి ఇది అని గీస్తున్నప్పుడు ఆ స్వేచ్ఛ లేదు. పునర్నిర్మాణం వేయాలనిపిస్తే వేరే కాగితం మీద వేసి, ఊహ అని దానిమీద రాయండి.

పగులును గీయడం కూడా ఒక పనే, ఖాళీగా వదిలేయడం కాదు. చెక్కిన ఉపరితలం నునుపుగా, వంపులతో ఉంటుంది. విరిగిన ఉపరితలం కోణాలు కోణాలుగా, గరుకుగా, వెలుగును తునకలుగా పట్టుకుంటుంది. అక్కడ చాక్ పక్కభాగంతో పొట్టి, తిన్నటి గీతలు వేయండి, రేకుల వంపును అక్కడికి లాక్కెళ్లకండి. అరిగిన చోటు వేరు, పగిలిన చోటు వేరు. అరిగిన దగ్గర రూపం ఉంటుంది, అంచు మాత్రం పోతుంది. కాబట్టి అక్కడ గీత మాయమైపోవాలి, నీడ మాత్రం మసగ్గా మిగలాలి.

ఐదో మెట్టు: తెలుపు

చివర్లో, చాలా తక్కువ. వెలుగుకు సరిగ్గా ఎదురు తిరిగిన ఉబ్బుల మీద మాత్రమే. తెలుపును జేగురు మీద వేస్తే గులాబీ రంగు పేస్టులా అవుతుంది, ఆ రంగు రాతిలో ఎక్కడా ఉండదు. రెండిటి మధ్య కాగితం రంగు సన్నటి పట్టీలా మిగలాలి, మధ్య ఛాయ పని కాగితమే చేస్తుంది. రాయే తెల్లగా ఉంది కదా, ఎక్కువ వేస్తే ఏం అనిపించొచ్చు. రాతి రంగును మనం చూపించట్లేదు, దానిమీది వెలుగును చూపిస్తున్నాం.

తెలుపు వేశాక కాగితాన్ని దూరంగా పెట్టి, కళ్లు సగం మూసి చూడండి. మొదట వేసిన అగ్గిపెట్ట బొమ్మలోని మూడు ఛాయలూ ఇంకా విడివిడిగా కనిపిస్తే ఆపేయండి. కనిపించకపోతే తీయాల్సింది తెలుపే అయి ఉంటుంది, రబ్బరు ముద్దతో అద్దండి.

బొమ్మ అంచున పెన్సిల్‌తో రాయండి: ఏ మ్యూజియం, ఏ రాయి, తేదీ, వెలుగు ఎటు నుంచి, లేబుల్ మీద నంబరు ఉంటే అదీ. ఫొటో నుంచి వేస్తే ఆ మాట కూడా. బొమ్మ పాడవుతుందని భయపడకండి, పాత చిత్రాల అంచున ఉండే ఇలాంటి రాతలే ఇవాళ చరిత్రకారులకు ఆధారం.

పద్మం తర్వాత

పద్మాలు రెండు మూడు వేశాక ఉష్ణీషం మీది పూలదండ దగ్గరికి వెళ్లండి. పొడుగాటి లావుపాటి దండ అలలా లేస్తూ పడుతూ పోతుంటుంది, దాన్ని మోస్తూ మనుషులుంటారు. ముందు అల గీత ఒక్కటే గీయండి, దాని మీద బరువు ఎక్కడ పడుతోందో చూసి తర్వాత మనుషుల్ని తేండి. ఆ తర్వాత ధైర్యం వస్తే చెన్నైలోని నలగిరి ఏనుగు ఫలకం. ఒకే వృత్తంలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది, ఒకవైపు జనం మీదికి దూసుకొస్తూ, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతూ. అంతమందిని విడివిడిగా గీయబోతే చేతులెత్తేస్తారు, గుంపుల్ని పెద్ద నీడముద్దలుగా పట్టుకుని లోపలికి వెళ్లాలి.

తెలంగాణలో ఉన్నవాళ్లకు సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాలు ఇదే పద్ధతికి సరిపోతాయి. రామప్ప గుడి మదనికలు, అంటే అక్కడి స్త్రీ శిల్పాలు, మాత్రం వేరే లెక్క. అది నున్నగా మెరుగు పెట్టిన నల్లరాయి, దాని మీద వెలుగు చిన్న చిన్న మెరుపులుగా తగులుతుంది, నీడల్లో కూడా పక్కనుంచి తిరిగొచ్చే కాంతి కనిపిస్తుంది. దానికి ముదురు బూడిద కాగితం, నలుపు ప్రధానంగా, జేగురు తక్కువగా.

దాచుకోవడం

ఫిక్సేటివ్, అంటే చాక్ పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, కొడితే తెలుపు దాదాపు మాయమవుతుంది, జేగురు ముదురుతుంది. కొట్టాలనుకుంటే తెలుపు వేయకముందే, ఆరుబయట, ఒక అడుగు దూరం నుంచి పల్చగా రెండు పొరలు కొట్టి, ఆరాక తెలుపు వేయండి. నేనైతే వీలైనంతవరకు కొట్టను. బొమ్మ మీద బటర్ పేపర్ కప్పి, నాలుగు మూలలా టేపు వేసి, అట్టల మధ్య బల్లపరుపుగా ఉంచితే చాలు.

ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు పెట్టమని గట్టిగా చెప్పండి. తేలిగ్గా ఉంటుందని యాక్రిలిక్ షీట్ వేస్తామంటారు, ఒప్పుకోకండి. దాన్ని గుడ్డతో తుడిచినప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు చాక్ పొడిని కాగితం మీంచి పైకి లాగేస్తుంది. అద్దమే వేయించండి. కోస్తా ఊళ్లలో ఉండేవాళ్లు వానలకు తడిసే బయటి గోడకు తగిలించకండి, చెమ్మకు కాగితం వెనక బూజు పట్టేస్తుంది. లోపలి గోడకు, నేరుగా ఎండ పడని చోట తగిలించండి.